పదికీ నాలుగుకీ మధ్య

ఆ శనివారం మధ్యాహ్నం రెండూ పదికి మా అక్క మా బావకి డిటెక్టివ్ పని చేసుకోవడానికి పర్మిషన్ ఇచ్చింది. ఇదేమీ చిన్న విషయం కాదు. సెలవుకి బయల్దేరే ముందు బావ భూతద్దం, టార్చి, కొలిచే టేపు మూడూ బీరువాలో పడేసి తాళం వేసి, ఆ తాళంచెవిని పక్కింటివాళ్ళకి ఇచ్చొచ్చిన మనిషి ఆవిడ. అయిదు రోజులుగా బావ ఎవరి చెప్పుల వంక చూసినా కళ్ళెర్రజేస్తోంది.

"నాలుగింటి దాకా టైమిస్తున్నా," అంది అక్క. "నాలుక్కి పోలీసు జీపు వస్తుందట. ఈలోపు ఆ పక్క ఫ్లాటు ఆయాని విడిపించుకు రండి. ఆవిడ ఏడుస్తుంటే నాకు కాఫీ కూడా దిగట్లేదు."

"నాలుగు దాటితే?" అన్నాడు బావ.

"దాటితే జీపెక్కేది ఆవిడ. సోఫా మీద పడుకునేది మీరు."

బావ అప్పటికే చెప్పుల్లో కాళ్ళు దూర్చేశాడు. నేను వెనకే నడిచాను. ఇరవై ఏళ్ళు లారీ తోలిన కాళ్ళు నావి, కానీ ఆ రిసార్టులో నడవడానికి చాలవు. సముద్రం ఒడ్డున నాలుగు బ్లాకులు, ఒక్కోటి తొమ్మిదంతస్తులు. ఒక చివర కాఫీ పట్టుకుని ఇంకో చివరికి బయల్దేరితే, చేరేసరికి కాఫీ చల్లారడం కాదు, పాలు విరిగిపోతాయి.

ఆ చోటు పద్ధతి ఒకటి చెప్పాలి. అక్కడ ఏ ఫ్లాటూ పూర్తిగా ఒకరిది కాదు. ఒక్కో ఫ్లాటునీ యాభై రెండు వారాలుగా కోసి, వారానికొకరికి అమ్ముతారు. కొన్నవాళ్ళు ఏటా అదే ఫ్లాటుకి, అదే వారానికి వస్తారు. శనివారం ఉదయం పదికల్లా పాతవాళ్ళు ఖాళీ చేయాలి, సాయంత్రం నాలుక్కి కొత్తవాళ్ళు దిగాలి. మధ్యలో ఆరు గంటలూ గదులు సర్దేవాళ్ళవి. మేం కొన్నవాళ్ళం కాదు, మాకీ శనివారం లెక్క లేదు. సేల్స్ మనిషి గంటన్నర చెప్పేది కదలకుండా వింటే వారం రోజులు ఉచితంగా ఉండొచ్చన్నారు, కూర్చున్నాం. ఆయన గంటన్నర చెప్పాక మా బావ ఆయన్ని గంటన్నర ప్రశ్నలు అడిగాడు. మర్నాటి నుంచి ఆయన సెలవులో ఉన్నాడు.

మా పక్క ఫ్లాటు ఆరువందల పద్నాలుగు. అందులో ఒక రిటైరైన నర్సమ్మ, ఆవిడకి తోడుగా వచ్చిన ఆయా ఉండేవాళ్ళు. ఆ ఉదయం వాళ్ళు ఖాళీ చేసే టైముకి నర్సమ్మ కనిపించకుండా పోయింది. బీచ్ గేటు దగ్గర ఆవిడ చెప్పులు దొరికాయి. అప్పట్నుంచి బోట్లు సముద్రాన్ని జల్లెడ పడుతున్నాయి. ఆయా మాత్రం సెక్యూరిటీ ఆఫీసులో ఒక స్టూలు మీద కూర్చుని ఉంది.

ఆ ఆఫీసుకి రాజు సెక్యూరిటీ చీఫ్. మెడలో విజిల్, నడుముకి వాకీటాకీ. మీసం ఎంత ఉందంటే, రెండు కొసల్నీ రెండు గేట్ల దగ్గర నిలబెడితే కాపలావాళ్ళతో పనుండదు.

"పెద్దమనిషీ, మీకిక్కడ పని లేదు," అన్నాడు బావని చూసి.

"మా ఆవిడ పంపింది."

"ఎవరు మీ ఆవిడ?"

"ఆ ప్రశ్న ఆవిడ వినేలా అడక్కండి," అని బావ కుర్చీ లాక్కుని ఆయా ఎదురుగా కూర్చున్నాడు.

చీఫ్ తన కేసు తనే చెప్పేశాడు. చెప్పుకోవాలని సరదా ఉన్నవాడికి మనం ఏమీ అడగక్కర్లేదు. "తొమ్మిదీ యాభైకి కాళ్ళు కడుక్కునే కుళాయి దగ్గర చెప్పులు కనిపించాయి. పదిన్నరకి ఈవిడ మోకాళ్ళు దాటి తడిసిపోయి ఒడ్డున దొరికింది. ముసలావిడ హ్యాండ్‌బ్యాగు ఈవిడ భుజానికే ఉంది. సముద్రం చూపిస్తానని తీసుకెళ్ళి వదిలేసిందో, తోసేసిందో. ఏదో ఒకటి జీపులో చెబుతుంది. అయిపోయింది."

"మీకు అయిపోయింది. నాకు ఇంకా మొదలవలేదు," అన్నాడు బావ. ఆయా వైపు తిరిగాడు. "ఆయమ్మా, పొద్దున జరిగింది చెప్పు. టైములతో సహా."

ఆయాకి యాభై అయిదేళ్ళు ఉంటాయి. చేతిలో రుమాలు పిండి పిండి తాడులా చేసేసింది.

"తొమ్మిదీ ముప్పై అయిదుకి సామాన్ల బండి తోసుకుంటూ కిందికి దిగానయ్యా. తాళం అప్పజెప్పే లైను ఉంటుంది కదా, అందులో నిలబడ్డా. అమ్మ నాతో దిగలేదు. 'నువ్వు నిలబడు, నేనొకసారి సముద్రం చూసొస్తా' అంది. ఆ లైను చీమ నడకే. పదీ ఇరవై అయినా అమ్మ రాలేదు. పైకెళ్ళా. తలుపు బార్లా తీసి ఉంది, లోపల ఎవరూ లేరు."

"తలుపు తీసి ఎందుకుంది?"

"శనివారం అంతే," అన్నాడు చీఫ్. "సామాను దిగగానే తలుపులన్నీ తీసి పెడతాం. సర్దేవాళ్ళు తాళాలు తిప్పుకుంటూ కూర్చుంటే అవదు."

"తర్వాత?"

"కిందికి పరిగెత్తా. గేటు దగ్గర అమ్మ చెప్పులు చూశాక ఇంక నాకేం తెలియలేదయ్యా. నీళ్ళల్లోకి దిగేశా. నాకు ఈత రాదు."

"ఈత రాకుండా ఎందుకు దిగావమ్మా?"

"అమ్మకీ రాదు కదయ్యా," అంది ఆయా.

నేను కిటికీలోంచి బయటికి చూశాను. కళ్ళు తుడుచుకోవడానికి అదొక పద్ధతి.

టేబుల్ మీద ప్లాస్టిక్ సంచీలో ఆ చెప్పులున్నాయి. బావ సంచీ పైకెత్తి వెలుగులో తిప్పాడు. తోలు చెప్పులు, మడమ చుట్టూ పట్టీ, పట్టీకి బకిల్.

"చీఫ్‌గారూ, ఈ బకిల్ పెట్టింది మీవాళ్ళా?"

"మేం ముట్టుకోలేదు. ఎలా ఉన్నవి అలా సంచీలో వేశాం. ముప్పై ఏళ్ళు డిపార్ట్‌మెంటులో చేసొచ్చినవాణ్ణి."

"అయితే రెండు చెప్పులకీ బకిల్ పెట్టే ఉంది. అదీ గట్టిగా, చివరి చిల్లుకి. ఆయమ్మా, బకిల్ విప్పకుండా అమ్మ కాలు బయటికొస్తుందా?"

"రానే రాదయ్యా. అమ్మ మడమలు వాచి ఉంటాయి. విప్పేదీ నేనే, పెట్టేదీ నేనే. తను అంతసేపు వంగలేదు."

"ఇవాళ పొద్దున పెట్టావా?"

ఆయా రుమాలు ఒళ్ళో పడేసింది. "పెట్టలేదు. కారెక్కేటప్పుడు పెడుదువులే అంది. కాళ్ళకి మెత్తటి గుడ్డ చెప్పులున్నాయి. గదిలో వేసుకునేవి."

ఆఫీసు మూలనే వాళ్ళ సామాను ఉంది. నేను మూడు పెట్టెలూ, రెండు సంచులూ ఆయా ముందే విప్పాను. లారీలో లోడు దించినవాడికి అది అయిదు నిమిషాల పని. గుడ్డ చెప్పులు ఎక్కడా లేవు.

"చూశారుగా," అన్నాడు బావ. "నీళ్ళలోకి దిగే మనిషి కాళ్ళకున్న చెప్పులు విడిచి దిగుతుంది. కాళ్ళకి లేని చెప్పులు చేత్తో మోసుకొచ్చి గట్టు మీద పెట్టి, ఉన్నవాటితో దిగదు. ఇవి విడిచిన చెప్పులు కావు. పెట్టిన చెప్పులు."

"ఈ ఆయానే పెట్టి ఉంటుంది."

"తొమ్మిదీ ముప్పై అయిదు నుంచి పదీ ఇరవై దాకా ఆవిడ మీ రిసెప్షన్ లైన్లో ఉంది. అక్కడ కెమెరా ఉంది. చూశారా?"

చీఫ్ మీసం సర్దుకున్నాడు. "శనివారం మూడొందల కుటుంబాలు దిగుతాయి, మూడొందలు ఎక్కుతాయి. కెమెరా ముందు కూర్చునే తీరిక ఎక్కడిది?"

"జీపు పిలిచే తీరిక మాత్రం దొరికింది."

చీఫ్ ఒంటికాలి మీద లేచాడు. "మాటలు తర్వాత చెబుదురుగాని. మనిషిని చూపించండి. ప్రాణంతో చూపిస్తే ఈవిణ్ణి నేనే లిఫ్టు దాకా దిగబెడతా. నాలుగింటికల్లా మనిషి దొరకకపోతే మాత్రం ఈవిడ జీపులోనే. ఇంక మాట మారదు."

"మాట మీద ఉండండి, చాలు," అన్నాడు బావ. "గుడ్డ చెప్పులతో ఎవరూ దూరం పోరు. ఆవిడ ఈ గోడల మధ్యే ఉంది."

ఆరువందల పద్నాలుగు చేరేసరికి మూడూ అయిదైంది. చీఫ్ కూడా మా వెంటే వచ్చాడు. మమ్మల్ని ఒంటరిగా వదిలితే గోడలు ఎత్తుకుపోతామని భయం కాబోలు.

ఫ్లాటు అద్దంలా ఉంది. పక్క దుప్పటి మీద చీమ జారిపడేలా ఇస్త్రీ. ఉదయం అక్కడ ఎవరున్నా, ఏం జరిగినా, అన్నీ తుడిచిపారేశారు. బావ మొహం చూస్తే నాకే జాలేసింది. గదులు సర్దే ఆవిడ గుమ్మంలో బకెట్ మీద చెయ్యేసి నిలబడింది. పదమూడేళ్ళుగా ఆ అంతస్తు ఆవిడదే.

"పదీ యాభైకి మొదలెట్టి పదకొండూ నలభైకి అవగొట్టా బాబూ," అంది. "ఒక్క వెంట్రుక కనిపిస్తే నా జీతం పట్టుకోండి."

"వెంట్రుకలొద్దమ్మా. నువ్వు సామాను లెక్క రాస్తావు కదా, ఆ కాగితం ఉందా?"

అదీ అక్కడి పద్ధతే. ఒకరు దిగి ఇంకొకరు ఎక్కే ప్రతిసారీ ఫ్లాటులో ఉన్న ప్రతి వస్తువూ లెక్కపెట్టి టిక్కు పెడతారు. ఆవిడ జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసింది.

"స్పూన్లు పన్నెండు, ఉన్నాయి. కంచాలు ఆరు, ఉన్నాయి. గ్లాసులు ఆరుకి అయిదే. దిండ్లు నాలుక్కి మూడే. వంటగట్టు దగ్గర పొట్టి స్టూలు ఒకటి ఉండాలి, లేదు. స్టోరు నుంచి తెచ్చి నింపేశా."

"దిండు ఎత్తుకుపోయారంటే సరే," అన్నాను నేను. "స్టూలు కూడానా?"

"భలేవాడివి బాబూ. పోయిన నెల ఒకాయన స్నానాలగది షవరు విప్పుకుపోయాడు. దొర కుటుంబం. తిరిగి ఇమ్మంటే ఇంట్లో బిగించేశామన్నాడు."

బావ నవ్వలేదు. ఆయన వేళ్ళు ముడుచుకుంటున్నాడు. "గ్లాసు, దిండు, స్టూలు. మునిగిపోయే మనిషికి ఇవెందుకు? ఇవి కూర్చుని, చాలాసేపు ఆగే మనిషికి కావాలి." గది చుట్టూ ఒకసారి తిరిగి, పడకగది మూల నిలబడ్డాడు. "అమ్మా, ఈ తలుపేంటి?"

"ఏ తలుపు?" అంది ఆవిడ.

నిజంగానే ఆవిడకి కనిపించలేదు. మూలన నేల నుంచి కప్పు దాకా చెక్క పట్టీల తలుపు ఒకటి ఉంది. మనిషి నిలబడి దువ్వుకునేంత వెడల్పు.

"అదా. ఓనర్ల అలమర బాబూ. ఏటా వచ్చేవాళ్ళు గొడుగులూ మడత కుర్చీలూ దాచుకుంటారు. తాళాలు వాళ్ళ దగ్గరే. మాకు దాని జోలికి వెళ్ళొద్దని మొదటిరోజే చెప్పారు. పైన దుమ్ము తుడుస్తాం, అంతే. మాకది గోడే."

"బోట్లు దింపారు, గేట్లు వెతికారు," అన్నాడు బావ చీఫ్‌తో. "ఇది?"

"ఓనర్ల అలమర తెరవడం రూల్సులో లేదు."

"మా ఫ్లాటులోనూ ఇలాంటిదుంది. బయట ఇంత తాళంకప్ప వేలాడుతూ ఉంటుంది. దీనికి కొండీ ఉంది, కప్ప లేదు. అయినా తలుపు మూసే ఉంది. అంటే పట్టుకున్నది లోపలి నుంచి."

చీఫ్ చెయ్యి చాపి లాగబోయాడు. బావ ఆ చేతిని మెల్లగా దించి, అలమర ముందు నేల మీద చతికిలపడ్డాడు. మా బావ గొంతు అంత మెత్తగా మా అక్క పుట్టింటికి వెళతానన్నప్పుడు కూడా వినలేదు నేను.

"నర్సమ్మగారూ, నేను పక్క ఫ్లాటాయన్ని. మీ కారణం మీకుంటుంది, మిమ్మల్ని లాగను. ఒక్క మాట చెప్పి వెళతా. మీ ఆయా మీకోసం సముద్రంలోకి దిగింది. ఇప్పుడు మిమ్మల్ని తోసేసిందని ఆవిణ్ణి పోలీసులకి అప్పజెబుతున్నారు."

లోపల చడీచప్పుడూ లేదు. నేను ఊపిరి బిగబట్టిన తీరుకి చొక్కా గుండీ ఒకటి తెగిపోయింది. అప్పుడు చెక్క పట్టీల వెనక ఏదో ముడి విప్పుతున్న చప్పుడైంది.

"నీళ్ళల్లోకి దిగిందా?" అంది లోపలి గొంతు. "దానికి ఈత రాదే."

తలుపు తెరుచుకుంది. మడత కుర్చీల మధ్య స్టూలు, స్టూలు మీద దిండు, దిండు మీద డెబ్భై ఆరేళ్ళ నర్సమ్మ. కాళ్ళకి గుడ్డ చెప్పులు. చేతిలో తలుపు కొండీకి కట్టుకున్న డ్రెస్సింగ్ గౌను తాడు. చెమటకి జుట్టు నుదుటికి అతుక్కుపోయింది. సర్దే ఆవిడ బకెట్ వదిలేసి మంచినీళ్ళకి పరిగెత్తింది. పదమూడేళ్ళలో మొదటిసారి గోడ మాట్లాడితే ఎవరైనా పరిగెడతారు.

"మూడు బోట్లు దింపానమ్మా మీకోసం," అన్నాడు చీఫ్. కోపమో, బరువు దిగిందో, గొంతు రెండు ముక్కలైంది.

"నిన్ననే నిన్నొక ఫోన్ నంబరు అడిగాను. ఇచ్చావా నాయనా?" అంది నర్సమ్మ.

చీఫ్ వాకీటాకీ తీసి, "ఆయమ్మని పైకి పంపండి. మర్యాదగా," అని మాత్రం అన్నాడు. అంతవరకు మాట మీద ఉన్నాడు, కాదనకూడదు.

అప్పటికి మూడూ ముప్పై ఎనిమిది.

నర్సమ్మ గ్లాసుడు నీళ్ళు తాగి, అలమరలో రెండో అరని చూపించింది. అక్కడ ఒక బిస్కెట్ల డబ్బా ఉంది.

"నాది ముప్పై ఒకటో వారం. నా వెనక ముప్పై రెండో వారం ఒక టైలరమ్మది. పదకొండేళ్ళయింది. ఒక్కసారి కూడా ఒకళ్ళనొకళ్ళం చూసుకోలేదు. నేను పదికి పోవాలి, తను నాలుక్కి రావాలి. మధ్యలో ఆరు గంటలు ఎవరుండనిస్తారు? మొదటి ఏడు తన కళ్ళజోడు మర్చిపోయింది. ఏడాది తర్వాత నేనొచ్చి చూసి, తుడిచి, ఒక చీటీ రాసి పెట్టా. అప్పట్నుంచి నేను చీటీ పెడతాను, తను ఉత్తరం పెడుతుంది. నాకు దిండు గలీబులు కుడుతుంది. నేను తన మోకాలి నొప్పికి ఏం రాయాలో రాస్తాను."

"ఈసారి ఏం పెట్టింది?" అన్నాడు బావ.

నర్సమ్మ తల దించుకుంది. "తన ఉత్తరం నేను వచ్చిన రోజే తెరవను. వారమంతా అది ఉందనుకుంటూ ఉండటం బాగుంటుంది. ఆఖరి రోజు చదువుకుంటా. అదే నేను చేసిన పాడు పని. పోయినేడు తను పెట్టి వెళ్ళింది నిన్న తెరిచా."

బావ ఉత్తరం విప్పి పైకి చదివాడు.

"ముప్పై ఒకటో వారం అక్కకి. దిండు గలీబు ఈసారి కుట్టలేకపోయాను, తిట్టుకోకు. కత్తెర చేతిలోంచి జారిపోతోంది. నీరసానికని మా తమ్ముడు మూడు పూటలా మాత్ర ఇస్తున్నాడు. అది వేసుకుంటే పగలంతా మగతే. ఏ డాక్టరు రాశాడురా అంటే కసురుకుంటాడు. ఇల్లు, షాపు వాడి పేర పెట్టమని కాగితాలు తెస్తున్నాడు. నాకు నిద్రలో ఏం సంతకాలు పెడుతున్నానో భయంగా ఉంది. మూడు మాత్రలు నోట్లో దాచి డబ్బాలో వేశాను. నువ్వు నర్సువి కదా, అవేంటో చూసి రాసి పెట్టు. వచ్చే ఏడు వచ్చి చూసుకుంటాను."

వచ్చే ఏడు వచ్చి చూసుకుంటాను. ఆ ముక్క దగ్గర బావ ఆగిపోయాడు. సాయం కావాలని అడిగి, జవాబు కోసం ఏడాది ఆగుతానన్న మనిషిని నేనెక్కడా చూడలేదు. కానీ ఆవిడకి మనసు విప్పి చెప్పుకునే చోటు ఈ అలమర ఒక్కటే అయితే, ఇంకెక్కడ అడుగుతుంది?

"మాత్రలు చూశారా?" అన్నాడు బావ.

"ముప్పై నాలుగేళ్ళు వార్డులో పంచినదాన్ని. గట్టి నిద్రమాత్రలు. ఒకటి వేస్తే పొద్దుటిదాకా లేవరు. రోజుకి మూడు, అదీ ఏడాదిగా." నర్సమ్మ గ్లాసు పక్కన పెట్టింది. "దీనికి జవాబు చీటీలో రాసి పెట్టమంటావా? ఆ తమ్ముడే ముందు తీస్తే? నంబరు అడిగితే ఈయన రూల్సు ఒప్పుకోవన్నాడు. ఇంకో ఓనరు గురించి అలాంటి మాటలు మాట్లాడితే పదిగంటలకి తనే కారెక్కిస్తానన్నాడు. మా ఆయాకి చెబితే నాతోపాటు ఉంటానని గొడవ చేసి దొరికిపోతుంది. చెప్పులు గేటు దగ్గర పెడితే మీరంతా బయట వెతుక్కుంటారు, నేను నాలుక్కి టైలరమ్మ రాగానే బయటికొద్దాం అనుకున్నా. దాని మెడకి చుట్టుకుంటుందని తట్టలేదు నాయనా. నిజంగా తట్టలేదు."

చీఫ్ టోపీ తీసేశాడు. టోపీ లేకపోతే ఆయన మామూలు తాతయ్యలా ఉన్నాడు. "నంబరు ఇప్పుడిస్తానమ్మా," అని వాకీటాకీ నొక్కాడు. "రిసెప్షన్, ఆరువందల పద్నాలుగు ముప్పై రెండో వారం వాళ్ళ నంబరు చదువు."

"వాళ్ళు వచ్చేశారు సార్," అంది అవతలి గొంతు. "ఫ్లాటు రెడీ అని ఉంటే తాళం కార్డు ఇచ్చేశాం. లిఫ్టులో ఉన్నారు."

"ఎంతమంది?"

"ఇద్దరు సార్. ఒకాయన, చక్రాల కుర్చీలో ఒకావిడ."

మూడూ యాభై రెండు. బావ గొంతు మారిపోయింది. "ఎవరూ ఆయన్ని ఏమీ అనొద్దు. మాత్రల పట్టీ ఆయన చేతిలోంచి మన చేతిలోకి రావాలి. అది పారేస్తే మన దగ్గర పాత ఉత్తరం తప్ప ఏమీ ఉండదు. చీఫ్‌గారూ, తలుపు వెనక నిలబడండి. ఒరేయ్, నువ్వు కుళాయి బాగుచేసేవాడివి."

"ఏ కుళాయి బావా?"

"ఏదో ఒకటి తిప్పరా."

నేను వంటగట్టు కుళాయి పట్టుకున్నాను. ఒక్క క్షణం పోయాక తలుపు తెరుచుకుంది.

తమ్ముడు నలభై దాటినవాడు, ఇస్త్రీ చొక్కా, నోరారా నవ్వు. మమ్మల్ని చూసి విసుక్కోను కూడా లేదు. "ఇంకా సర్దుతున్నారా? పర్లేదు, పర్లేదు, కానివ్వండి. మేమే తొందరగా వచ్చాం." కుర్చీని కిటికీ వైపు తిప్పి, జేబులోంచి మాత్రల పట్టీ తీశాడు. "కుళాయి బాబూ, ఒక గ్లాసు నీళ్ళివ్వు. అక్కకి మందు టైమైంది."

కుర్చీలో టైలరమ్మ తల పక్కకి వాలిపోయి ఉంది. కుడిచేతి రెండు వేళ్ళు మాత్రం ఒడిలో కదులుతున్నాయి, లేని దారాన్ని లేని సూదిలోకి ఎక్కిస్తున్నట్టు. గ్లాసు నింపుతూ సగం నీళ్ళు చొక్కా మీదే పోసుకున్నాను.

నర్సమ్మ ఆగలేకపోయింది. బావ కళ్ళతో వద్దంటున్నా నడిచి వెళ్ళి, వాచిన కాళ్ళతోనే కుర్చీ ముందు కూలబడి, ఆవిడ మణికట్టు పట్టుకుంది.

"ఎవరండీ మీరు?" అన్నాడు తమ్ముడు. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది, కానీ మర్చిపోయిన సామానులా ఉంది.

"నాది ముప్పై ఒకటో వారం," అంది నర్సమ్మ. అతనితో కాదు.

టైలరమ్మ కళ్ళు ఎంతో కష్టపడి సగం తెరుచుకున్నాయి. ఆ మొహాన్ని వెతికాయి. "రాసి పెట్టావా అక్కా?" అంది.

"రాయలేదమ్మా. చెబుదామని ఆగాను."

తమ్ముడు పట్టీని జేబులోకి తోస్తూ వెనక్కి అడుగేశాడు. వీపుకి తలుపు తగలాల్సిన చోట చీఫ్ తగిలాడు. ఆయన ఒక చేత్తో తలుపు మూసి గడియ పెట్టి, రెండో చేత్తో అతని మణికట్టు జేబులోనే అదిమి పట్టాడు. ముప్పై ఏళ్ళ డిపార్ట్‌మెంటు ఎక్కడికి పోతుంది? బావ ఆ జేబులోంచి పట్టీ తీసి వెలుగులో పెట్టాడు. పది మాత్రల పట్టీలో నాలుగే మిగిలాయి.

"ఇది ఎప్పుడు తెరిచావు?" అన్నాడు.

జవాబు కుర్చీలోంచి వచ్చింది, గాలి కంటే పలచగా.

"పొద్దున్నే అక్కా. ప్రయాణం పడదని... ఆరూ వేయించాడు. ఇక్కడికొచ్చాక పడుకుంటే బాగా నిద్ర పడుతుందన్నాడు."

నర్సమ్మ వాచీ చూస్తూ నాడి లెక్కపెడుతోంది. నిమిషం అయ్యేసరికి ఆవిడ మొహంలో అలమరలోంచి వచ్చిన ముసలావిడ లేదు. వార్డు నర్సు ఉంది.

"నలభై ఒకటి. పడిపోతోంది. అంబులెన్స్ పిలవండి, ఇప్పుడే. కిటికీలన్నీ తెరవండి. దీన్ని నిద్రపోనివ్వకూడదు." చెంప మీద మెల్లగా తట్టింది. "ఇటు చూడు. కళ్ళు మూశావంటే ఊరుకోను. పదకొండేళ్ళుగా నిన్ను అడగాలనుకున్నవన్నీ అడుగుతా, అన్నిటికీ జవాబు చెప్పాలి. వింటున్నావా?"

టైలరమ్మ తల ఊపిందో, వాలిందో తెలియలేదు.

"ఇరవై నిమిషాలు పడుతుందట," అన్నాడు చీఫ్ వాకీటాకీ చెవి దగ్గర పెట్టుకుని.

తలుపు అవతల ఆయా పిలుస్తోంది, "అమ్మా, అమ్మా" అని. సర్దే ఆవిడ గడియ తీయడానికి పరిగెత్తింది. నర్సమ్మ మాత్రం వెనక్కి తిరగలేదు. చల్లబడుతున్న ఆ రెండు చేతుల్నీ తన చేతుల్లో రుద్దుతూ, మొహంలో మొహం పెట్టి అడిగింది.

"మొదటిది చెప్పు. నీ పేరేంటి?"

పెదవులు కదిలాయి. మాట బయటికి రాలేదు.

నర్సమ్మ మళ్ళీ అడిగింది.